సబ్బునీళ్లకు చిక్కని కెగ్ లీకు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. గరాజ్‌లోని పాత ఫ్రిజ్జులో, ఇంట్లో కాచిన బీరు నింపుకునే రెండు వాడిన బాల్ లాక్ కెగ్‌లు (స్టీలు పీపాలు; బాల్ లాక్ అన్నది వాటికి గొట్టం తగిలించే పద్ధతి) పెట్టారు, వాటి పక్కనే 5 పౌండ్ల కార్బన్ డయాక్సైడ్ సిలిండర్. సిలిండర్ ఒత్తిడిని తగ్గించి పంపే రెగ్యులేటర్‌ను 12 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) దగ్గర పెట్టి వదిలేశారు. రెండు వారాలకు సిలిండర్ ఖాళీ అయింది. మళ్లీ నింపించారు, మళ్లీ అంతే. గ్యాస్ పోకుండా ఆపే రబ్బరు ఓ-రింగులన్నీ మార్చారు. 30 పీఎస్ఐ ఎక్కించి సబ్బునీళ్లు చల్లితే ఒక్క బుడగ రాలేదు. ఫ్రిజ్జులో పెట్టిన రాత్రే సిలిండర్‌లోని ఒత్తిడి చూపే పెద్ద గేజి 800 నుంచి 550కి పడిపోయింది కాబట్టి రెగ్యులేటర్ పాడైందని మీ అనుమానం. కొత్తది కొనాలా అని అడిగారు.

కొనకండి. కనీసం ఇప్పుడే కొనకండి.

ముందు ఆ గేజి సంగతి తేల్చేద్దాం. సిలిండర్‌లో కార్బన్ డయాక్సైడ్ చాలావరకు ద్రవ రూపంలో ఉంటుంది, దాని పైన కొంత వాయువు. ద్రవం ఒక చెంచాడు మిగిలి ఉన్నా సరే, పైనున్న ఒత్తిడి ఎంతన్నది ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది తప్ప ఎంత గ్యాస్ మిగిలిందన్న దాన్ని బట్టి కాదు. 21 డిగ్రీల సెల్సియస్ దగ్గర అది సుమారు 840 పీఎస్ఐ. 4 డిగ్రీలకు చల్లబడితే దాదాపు 550. మీకు కనిపించిన పతనం అచ్చంగా ఇదే. అది లీకు కాదు, రెగ్యులేటర్ లోపమూ కాదు. ద్రవమంతా అయిపోయాకే ఆ ముల్లు నిజంగా దిగడం మొదలుపెడుతుంది. ఫ్రిజ్జులో ఉన్న సిలిండర్‌కు ఆ స్థితి వచ్చిందంటే లోపల ఐదో వంతు కన్నా తక్కువే మిగిలినట్టు. ఈ గేజి మీద ఎర్రరంగు పట్టీ గీసి అమ్మడం వల్ల ఎంతమంది నిండు సిలిండర్లను అనుమానిస్తున్నారో లెక్కలేదు.

సిలిండర్‌లో ఎంత ఉందో తెలుసుకోవాలంటే త్రాసు కావాలి. సిలిండర్ మెడ దగ్గర టీడబ్ల్యూ అన్న అక్షరాల పక్కన ఖాళీ బరువు చెక్కి ఉంటుంది. తూచిన బరువులోంచి దాన్ని తీసేస్తే మిగిలింది గ్యాస్. ఇండియా ప్రయాణానికి పెట్టెలు తూచుకునే చేతి త్రాసు ఇక్కడ అమెరికాలో ప్రతి తెలుగింట్లోనూ ఉంటుంది, అది చాలు. రెగ్యులేటర్ విప్పి తూచండి, లేదా ప్రతిసారీ దానితో కలిపే తూచండి. ఒకసారి అలా, ఒకసారి ఇలా చేస్తే లెక్క తప్పుతుంది. నింపించి తెచ్చిన రోజే మొదటి తూకం వేయండి. ఖాళీది తీసుకుని నిండుది ఇచ్చే దుకాణాల్లో 5 పౌండ్ల సిలిండర్‌లో నాలుగే పోసిన సందర్భాలు చూశాను. అలాంటప్పుడు లేని లీకు కోసం ఇల్లంతా సబ్బునీళ్లు చల్లుకోవలసి వస్తుంది.

ఇక అసలు ఎంత ఖర్చు కావాలో చూద్దాం. 19 లీటర్ల కెగ్‌లో బీరుకు 2.5 వాల్యూముల కార్బొనేషన్, అంటే బీరు పరిమాణానికి రెండున్నర రెట్ల గ్యాస్ కరగడం, కావాలనుకుందాం. మీరు పెట్టిన 12 పీఎస్ఐ, 4 డిగ్రీల చలి కలిసి ఇచ్చేది దాదాపు అంతే. పులియడం పూర్తయిన బీరులో అప్పటికే 0.8 వాల్యూములకు కాస్త అటూ ఇటూగా కరిగి ఉంటుంది. మిగతాది ఎక్కించడానికి 60 నుంచి 65 గ్రాములు పడుతుంది. కెగ్ ఖాళీ అయ్యేదాకా బీరును బయటికి తోయడానికి మరో 65 గ్రాములు. కెగ్‌లోని గాలి పోవడానికి రెండు మూడుసార్లు గ్యాస్ నింపి వదిలినా, మొత్తం 200 గ్రాములు దాటడం కష్టం. సిలిండర్‌లో ఉన్నది 2,268 గ్రాములు. అంటే పది కెగ్‌లకు పైగా రావాలి. మీకు రెండైనా పూర్తి కాలేదు, కాబట్టి లీకు ఉన్న మాట నిజం.

ఇప్పుడు దీన్ని కొంచెం తిరగేసి ఆలోచించండి. న్యాయంగా ఖర్చయింది పోను 2,000 గ్రాములు రెండు వారాల్లో గాలిలో కలిసిందనుకుంటే, నిమిషానికి దాదాపు 50 మిల్లీలీటర్ల గ్యాస్ బయటికి వెళ్లినట్టు. అది చిన్న లీకు కాదు. సబ్బునీళ్లు పడితే నురగ పొంగుతుంది, చెవి ఆనిస్తే బుసబుస వినిపించినా ఆశ్చర్యం లేదు. అంత లీకు మీ సబ్బునీళ్లకు దొరకలేదంటే నాకు తోచే కారణం ఒకటే: మీరు చూస్తున్న సమయంలో అది లీకవడం లేదు. మీరు పరీక్ష పెట్టినప్పటి పరిస్థితి వేరు, కెగ్ రెండు వారాలు గడిపిన పరిస్థితి వేరు.

ఏమిటా తేడాలు? మొదటిది ఒత్తిడి. మీరు 30 దగ్గర చూశారు, కెగ్ మాత్రం 12 దగ్గర ఉంటోంది. ఎక్కువ ఒత్తిడిలో లీకు బాగా బయటపడుతుందని అందరూ అనుకుంటారు. గొట్టాల విషయంలో నిజమే. కెగ్ మూత విషయంలో తరచుగా దీనికి వ్యతిరేకం జరుగుతుంది. ఆ కోలమూతను వంచి లోపలికి దూర్చి, పైకి లాగి బిగిస్తారు. మన ఇళ్లలోని హాకిన్స్ కుక్కర్ మూత లాంటిదే ఇది, లోపలి ఒత్తిడే మూతను అంచుకు అదుముతుంది. 30 పీఎస్ఐలో ఓ-రింగు గట్టిగా నొక్కుకుని చుక్క గ్యాస్ పోనివ్వదు. అదే మూత 8 దగ్గరో 10 దగ్గరో ఒక మూల నుంచి నెమ్మదిగా వదిలేస్తూ ఉండవచ్చు. అందుకే మూతను కుదురుగా కూర్చోబెట్టడానికి 30 ఎక్కించడం మంచి పద్ధతి, పరీక్షించడానికి మాత్రం మళ్లీ 5కి దించి చూడాలి.

రెండోది చలి. మీరు గరాజ్‌లో, బహుశా ఎండాకాలం మధ్యాహ్నం చూశారు. రబ్బరు చల్లబడితే గట్టిపడుతుంది, కాస్త కుంచించుకుపోతుంది. ప్లాస్టిక్ గొట్టం కూడా అంతే. క్లాంపు వేసిన చోట వేడిలో బిర్రుగా ఉన్నది 4 డిగ్రీలలో వదులవుతుంది. పరీక్ష ఫ్రిజ్జులోనే, ఒక రాత్రి చల్లబడ్డాక పెట్టండి. తలుపు తెరిచి, మోకాళ్ల మీద కూర్చుని, టార్చి పట్టుకుని చూడవలసిందే.

మూడోది లాగుడు. ఫ్రిజ్జు తలుపు మూసినప్పుడు గ్యాస్ గొట్టం ఎటు వంగుతోందో ఎప్పుడైనా చూశారా? గొట్టం పొట్టిగా ఉంటే, లేదా తలుపు అర దానికి తగులుతుంటే, గొట్టం కొనన ఉండే డిస్కనెక్టు, కెగ్ పైన దాన్ని తగిలించే పోస్టు మీద ఒక పక్కకు ఒరుగుతుంది. ఒక వైపు ఓ-రింగు నలుగుతుంది, రెండో వైపు సందు పడుతుంది. తలుపు తెరిచి సబ్బునీళ్లు చల్లేసరికి గొట్టం తిన్నగా అయిపోయి లీకు మాయమవుతుంది. ఇంత తేలికగా తప్పించుకునే లీకు మరొకటి లేదు. తలుపు వేసినప్పుడు గొట్టం ఉండే తీరులో దాన్ని చేత్తో వంచి పట్టుకుని ఒకసారి చల్లండి.

నాలుగోది సిలిండర్ వాల్వు. కొన్ని వాల్వులు పూర్తిగా మూసినప్పుడూ, పూర్తిగా తెరిచినప్పుడూ బాగానే ఉంటాయి, సగం తెరిచి ఉంచితే మాత్రం తిప్పే పిడి కింద కాడ చుట్టూ లీకవుతాయి. పొదుపు చేస్తున్నామనుకుని పావు చుట్టు మాత్రమే తెరిచేవాళ్లు చాలామంది. దానివల్ల పొదుపేమీ లేదు, ఒత్తిడిని తగ్గించేది రెగ్యులేటరే. వాల్వును చివరిదాకా తెరవండి, పిడి కింద కూడా సబ్బునీళ్లు పట్టించండి.

ఇప్పుడు వెతికే పద్ధతి. అన్నీ కలిపి ఒకేసారి వెతికితే దొరకదు. ముక్కలుగా విడదీయాలి. రెగ్యులేటర్ కింద ఉండే చిన్న వాల్వు మూసేసి, సిలిండర్ తెరిచి, పెద్ద గేజి నిలకడగా నిలిచాక సిలిండర్‌ను మూసేయండి. ఇప్పుడు సిలిండర్ వాల్వుకూ రెగ్యులేటర్‌కూ మధ్య చిక్కుకున్న గ్యాస్ కొన్ని మిల్లీలీటర్ల చోటులోనే ఉంటుంది. చోటు తక్కువ కాబట్టి పిసరంత లీకైనా పెద్ద ముల్లు చకచకా దిగిపోతుంది. ఇదే ఇంట్లో చేయగల అతి సూక్ష్మమైన పరీక్ష. ఒక రాత్రంతా ముల్లు కదలకపోతే సిలిండర్ జోడింపు, రెగ్యులేటర్ రెండూ మంచివే. అంతకుముందే అన్నీ ఒకే చలిలో ఉండాలి, లేకపోతే చల్లబడటం వల్ల దిగిన ముల్లును చూసి మళ్లీ కంగారు పడతారు.

తర్వాత చిన్న వాల్వు తెరిచి, గొట్టాలు కలిపి, కెగ్‌లు కలపకుండా అదే పరీక్ష. ఆ తర్వాత ఒక కెగ్, దాని తర్వాత రెండోది. ప్రతిసారీ సిలిండర్ మూసేసి చూడాలి. ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది: వాళ్లు కెగ్ వైపు ఒత్తిడి చూపే చిన్న గేజినే చూస్తూ కూర్చుంటారు. గొట్టంలో లీకున్నా రెగ్యులేటర్ తన పని తాను చేస్తూ పై నుంచి గ్యాస్ తెచ్చి 12ను 12గానే నిలబెడుతుంది. పై ఒత్తిడి దాదాపు అయిపోయేదాకా చిన్న ముల్లు చెక్కుచెదరదు. చూడవలసింది పెద్ద ముల్లునే.

కెగ్‌లతో ఈ పరీక్ష పెట్టేటప్పుడు అవి ఖాళీగా ఉండాలి, లేదా పూర్తిగా కార్బొనేట్ అయిన బీరుతో ఉండాలి. కొత్తగా నింపిన బీరు గ్యాస్‌ను పీలుస్తుంది. 30 పీఎస్ఐ ఎక్కించి గ్యాస్ తీసేస్తే కొన్ని గంటల్లో చాలావరకు దిగిపోతుంది, అది బీరులోకే వెళ్లింది. కెగ్ నిండా నీళ్లు పోసి పరీక్షించమని చెప్పేవాళ్లూ ఉన్నారు, పైన ఖాళీ తక్కువైతే లీకు త్వరగా తెలుస్తుందని. ఆలోచన మంచిదే, కాని నీరు కూడా గ్యాస్‌ను పీలుస్తుంది కదా, మళ్లీ మొదటికే వస్తుంది. ఖాళీ కెగ్‌కు 12 ఎక్కించి, డిస్కనెక్టు తీసేసి, ఫ్రిజ్జులో పెట్టండి. మర్నాడు గేజి ఉన్న డిస్కనెక్టు తగిలించి చూడండి. గది వేడిలో ఎక్కించిన 12 చల్లబడితే తనంతట తానే 10.5 దగ్గరికి వస్తుంది. అక్కడ ఆగితే ఆ కెగ్ మంచిది. మీ లీకు కెగ్‌లోనే ఉంటే, ఇంతకుముందు వేసిన లెక్క ప్రకారం గంటకు రెండు పీఎస్ఐకి పైగా పడిపోవాలి, తెల్లారేసరికి ఏమీ మిగలదు. సందేహానికి తావుండదు.

లీకు కెగ్‌లో ఉందని తేలితే అసలు పని ఇక్కడ మొదలవుతుంది. బుడగ ఎక్కడినుంచి వస్తోందన్నదే ఏ ముక్క చెడిందో చెబుతుంది, అందుకని గబగబా చల్లేసి తుడిచేయకండి. పోస్టు ఒక్కదాన్నే దగ్గరగా చూడండి. డిస్కనెక్టు తీసేసి ఉన్నప్పుడు పోస్టు నడినెత్తిన, చిన్న పుల్ల లాంటి పాపెట్ చుట్టూ బుడగ లేస్తే పాపెట్ రబ్బరు అరిగింది, లేదా హాప్స్ తునకో, ఈస్టు మడ్డో దాని కింద ఇరుక్కుంది. వేలితో ఒకసారి నొక్కి వదిలితే కొన్నిసార్లు సర్దుకుంటుంది, కాని దాన్ని నమ్ముకోవద్దు. డిస్కనెక్టు తగిలించినప్పుడు మాత్రమే దాని కింది అంచు నుంచి బుడగలు వస్తే పోస్టు బయటి గాడిలోని ఓ-రింగు చెడింది. పోస్టు కెగ్‌కు కలిసే పాదం దగ్గర, మరల సందులోంచి వస్తుంటే పోస్టు నుంచి కెగ్ లోపలికి దిగే డిప్ ట్యూబు కింద ఉండే చిన్న ఓ-రింగుదే తప్పు. ఒకే పోస్టు, మూడు చోట్లు, మూడు వేర్వేరు రబ్బర్లు. డిస్కనెక్టు నెత్తిన ఉండే మర బిళ్ల అంచున బుడగ కనిపిస్తే కెగ్‌ది దోషమే కాదు. ఆ బిళ్లను వెడల్పాటి స్క్రూడ్రైవరుతో కాస్త బిగిస్తే చాలు. కొత్త డిస్కనెక్టుల్లో కూడా ఇది వదులుగా వస్తుంది.

ఓ-రింగులన్నీ మార్చానన్నారు. డిప్ ట్యూబు ఓ-రింగులు కూడానా? సెట్టులో వచ్చే రింగుల్లో అవి చిన్నవి, పోస్టు విప్పి ట్యూబును పైకి తీస్తే తప్ప వాటిని వేయలేరు. గ్యాస్ వైపు ట్యూబు వేలెడంత పొట్టిది, దాన్ని మర్చిపోయేవాళ్లు ఎక్కువ. నన్నడిగితే మొదట అనుమానించేది దాన్నే, ఎందుకంటే ఆ వైపు లీకైతే బీరు చుక్క కారదు, గ్యాస్ మాత్రమే నిశ్శబ్దంగా పోతుంది. ద్రవం వైపు లీకైతే నేల మీద జిగట కనబడుతుంది, వాసన వస్తుంది, వెతకనక్కరలేదు.

పోస్టు విప్పే ముందు మూత మీది సేఫ్టీ వాల్వు లాగి లోపలి ఒత్తిడినంతా వదిలేయండి. ఒత్తిడితో ఉన్న కెగ్ పోస్టు విప్పితే పాపెట్, స్ప్రింగు కంటికి తగిలేంత వేగంగా లేస్తాయి. పానా కెగ్‌ను బట్టి 7/8 అంగుళాలది గాని 11/16 అంగుళాలది గాని పడుతుంది. 11/16 అయితే చాలావాటికి పన్నెండు మూలల సాకెట్ కావాలి. మామూలు పానా జారి అంచులు నున్నగా చేసేస్తుంది. తిరిగి బిగించేటప్పుడు బలం చూపించకండి. చేత్తో తిప్పగలిగినంత తిప్పి, తర్వాత పానాతో కొద్దిగా చాలు. మరీ బిగిస్తే లోపలి రింగు నలిగి తెగుతుంది.

వాడిన కెగ్‌లన్నారు కాబట్టి మరో మాట. ఇవన్నీ ఒకప్పుడు సోడా కంపెనీలు సిరప్ పోసి పంపిన కెగ్‌లు. బాల్ లాక్ పెప్సీ వాడింది, పిన్ లాక్ కోకాకోలా వాడింది. సిరప్ అట్టపెట్టెలోని సంచుల్లోకి మారాక వీటిని వదిలించుకున్నారు, అలా మన గరాజ్‌లలోకి వచ్చాయి. కార్నీలియస్, ఫైర్‌స్టోన్, జాన్ వుడ్ అని తయారీదారులు వేరు, పోస్టుల మరలు వేరు. శుభ్రం చేసేటప్పుడు రెండు కెగ్‌ల పోస్టులు కలిసిపోయి ఒకదానివి మరొకదానికి బిగిస్తే, ఎక్కినట్టే ఎక్కుతుంది కాని కుదరదు. ఏ ఓ-రింగు వేసినా ఆ లీకు ఆగదు. అలాగే ఒకే కెగ్‌లో గ్యాస్ పోస్టు, బీరు పోస్టు తారుమారు కాకుండా చూడండి. గ్యాస్ పోస్టు అంచుల మీద చిన్న గాట్లుంటాయి, అదే గుర్తు. బూడిద రంగు డిస్కనెక్టు గ్యాస్‌కు, నల్లది బీరుకు. బలవంతంగా ఎక్కాల్సివస్తోందంటే అది దాని చోటు కాదు. (హైదరాబాద్, విజయవాడల నుంచి చదువుతున్నవారికి: అమెరికాలో 1978లో కార్టర్ సంతకం చేసిన చట్టంతో ఇంట్లో బీరు కాచుకోవడానికి ఫెడరల్ అనుమతి వచ్చింది, ఏడాదికి ఒంటరి వ్యక్తికి 100 గ్యాలన్ల దాకా. మీ దగ్గర లైసెన్సు లేకుండా కాయడం ఎక్సైజ్ చట్టం కింద నేరం. ఈ కెగ్ పరిజ్ఞానమంతా మీకు సోడా వరకే.)

మూత దగ్గర బుడగలొస్తే రింగు మార్చే ముందు కెగ్ నోటి లోపలి అంచు చుట్టూ వేలు తిప్పండి. నొక్కు తగిలితే అక్కడే లీకు. మూతను అటుదిటు తిప్పి పెట్టండి, ఒక వైపు కుదరనిది రెండో వైపు కుదురుతుంది. బిగింపు కమ్మీ కాళ్లకు ఉండే ప్లాస్టిక్ తొడుగులు పాత కెగ్‌లలో తరచుగా ఊడిపోయి ఉంటాయి. ఆ మందం తగ్గితే మూతను లాగే బలం కూడా తగ్గుతుంది. కొత్త తొడుగులు వచ్చేదాకా కాళ్ల కింద ఒక్కో పావు డాలరు నాణెం పెడితే పని జరుగుతుంది. ఇంకా లొంగకపోతే మెత్తటి సిలికాన్ రింగు వేయండి. మెత్తదనం వల్ల చిన్న చిన్న లోపాలను కప్పేస్తుంది. సిలికాన్ గుండా గ్యాస్ కొద్దికొద్దిగా చొచ్చుకుపోతుందన్నది నిజమే, అందుకే మంచి మూతలకు నేను మామూలు రబ్బరునే ఇష్టపడతాను.

ప్రతి రింగుకూ ఆహారానికి పనికొచ్చే సిలికాన్ గ్రీజు పలచగా పట్టించండి. రింగు మెరవాలి, ముద్ద కనపడకూడదు. వాజలిన్ వద్దు. ఈపీడీఎం రకం రబ్బరును అది ఉబ్బించి పాడుచేస్తుంది, బీరులో కలిస్తే నురగ నిలవదు.

గొట్టాల జోడింపుల్లో నాకు ఎప్పుడూ ఎదురయ్యే వింత, తెల్లటి టెఫ్లాన్ టేపు. లీకనగానే టేపు చుట్టేస్తారు. సిలిండర్‌కు రెగ్యులేటర్‌ను కలిపే సీజీఏ 320 జోడింపులో గ్యాస్‌ను ఆపేది మర కాదు, లోపలి వాషరు. డిస్కనెక్టుకు గొట్టాన్ని కలిపే పావు అంగుళం ఫ్లేర్ జోడింపులో ఆపేది శంకువు లాంటి కొన, దాని మీద కూర్చునే చిన్న నైలాన్ వాషరు. ఈ రెండు చోట్లా టేపు చుడితే మర పూర్తిగా ఎక్కదు, ఉన్న లీకు పెద్దదవుతుంది. టేపు పనిచేసేది కొనకు పోయేకొద్దీ సన్నబడే మరల మీదే, అంటే రెగ్యులేటర్ ఒంటికి గేజి బిగించే లాంటి చోట్ల. సిలిండర్ నింపించిన ప్రతిసారీ వాషరు కొత్తది వేయండి. నింపేచోట అడిగితే సాధారణంగా ఊరికే ఇస్తారు. రెగ్యులేటర్‌కు రబ్బరు రింగు శాశ్వతంగా అమర్చి ఉంటే అదనపు వాషరు వేయకూడదు, రెండూ కలిస్తే కుదరవు.

క్లాంపుల్లో స్క్రూతో బిగించేవి సన్నటి గొట్టం మీద పూర్తి గుండ్రంగా రావు, స్క్రూ ఉన్న వైపు ఒక సందు మిగులుతుంది. చెవిలాంటి మడతను నొక్కి బిగించే ఓటికర్ క్లాంపులు ఎంతో నయం. వేసే ముందు గొట్టం కొనను వేడినీళ్లలో ముంచితే మెత్తబడి చివరిదాకా ఎక్కుతుంది. తోసి బిగించే రకం జోడింపులైతే గొట్టం కొన తిన్నగా, నున్నగా కోసి ఉండాలి. కత్తెరతో ఏటవాలుగా కోసినవి తోసినంతసేపు బాగుండి, పక్కకు లాగగానే లీకవుతాయి.

ఇదంతా చేస్తున్నన్నాళ్లు ఒక జాగ్రత్త. 5 పౌండ్ల గ్యాస్ వదిలితే 1,200 లీటర్లకు పైగా అవుతుంది. మూడు మీటర్లు పొడవు, మూడు వెడల్పు, రెండున్నర ఎత్తున్న మూసిన గదిలో ఒక్కసారిగా వెలువడితే గాలిలో దాని వాటా ఐదు శాతం దాటుతుంది. నాలుగు శాతాన్నే ప్రాణాపాయ స్థాయిగా అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్కిస్తుంది. గాలికన్నా ఒకటిన్నర రెట్లు బరువు కాబట్టి కింద పేరుకుంటుంది. మీది గరాజ్ కనుక తలుపెత్తితే సరిపోతుంది. మీలా కాకుండా నేలమాళిగలో పెట్టుకున్నవారు, మూత పైకి తెరుచుకునే ఫ్రీజరును కెగ్‌లకు మార్చుకున్నవారు ఉంటే తల లోపలికి పెట్టి వెతికేముందు మూత తెరిచి కాసేపు ఆగాలి. తలనొప్పి, ఆయాసం అనిపిస్తే బయటికి వచ్చేయాలి. సిలిండర్‌ను ఎప్పుడూ నిలబెట్టి కట్టేయండి. ఒరిగితే ద్రవం రెగ్యులేటర్‌లోకి వస్తుంది.

చివరికి మీరడిగిన రెగ్యులేటర్. అది నిజంగా చెడితే లక్షణాలు వేరుగా ఉంటాయి. 12 దగ్గర పెట్టి, కింది వాల్వు మూసి పడుకుంటే ఉదయానికి చిన్న ముల్లు 15కో 20కో పాకి ఉంటుంది. లోపలి సీటు మీద నలుసు పడిందని దాని అర్థం. లేదా ఒత్తిడి తిప్పే పిడి దగ్గరి రంధ్రంలోంచి బుడగలు వస్తాయి, అంటే డయాఫ్రమ్ చిరిగింది. ఈ రెండూ లేకుండా, మొదటి పరీక్షలో పెద్ద ముల్లు తెల్లవార్లూ నిలబడితే మీ రెగ్యులేటర్ భేషుగ్గా ఉన్నట్టే. ఒకవేళ చెడినా సీటు, డయాఫ్రమ్ ఉన్న రిపేరు సెట్టు కొత్త రెగ్యులేటర్ ధరలో కొంత భాగానికే వస్తుంది.

లీకు దొరికేదాకా సిలిండర్‌ను తెరిచి ఉంచకండి. బీరు ఒకసారి కార్బొనేట్ అయిపోతే గ్యాస్ రోజంతా అందాల్సిన అవసరం లేదు. గ్లాసులు నింపేటప్పుడు తెరిచి, మూత కుదురుగా ఉండేలా ఒత్తిడిని మళ్లీ 12కు తెచ్చి, మూసేయండి. కెగ్‌ల గ్యాస్ డిస్కనెక్టులు కూడా తీసేయండి, అప్పుడు లీకు ఏ కెగ్‌ది అన్నది సగం దానంతటదే తేలుతుంది. చప్పబడిన బీరు ఏ కెగ్‌లో ఉందో ముందు దాని గ్యాస్ పోస్టు విప్పి, పొట్టి డిప్ ట్యూబు కింద రింగు ఉందో లేదో చూడండి.